చూసేవాళ్ళుంటే బుద్ధిగా నడిచే లిఫ్టు

మా కోడలు గెలవగా నేను చూసిన పోట్లాట ఒక్కటే. దాన్నే ముందు చెబుతాను. తర్వాత చెప్పేదాంట్లో గెలుపు అన్న మాటకి చోటు లేదు.

అప్పుడు మేము పై వాటాలో అద్దెకుండేవాళ్ళం, కింద ఇంటి యజమాని ఉండేవాడు. ఆయన పడకగది గోడ చెమ్మెక్కి సున్నం పెచ్చులుగా రాలుతుంటే, అదంతా మా స్నానాలగది నీళ్ళేనని ఒకరోజు పొద్దున్నే మెట్ల మీద నిలబడి కేకలు మొదలుపెట్టాడు. నా నోటి సంగతి వీధి మొత్తానికి తెలుసు. నేను నడుం బిగించి దిగబోతుంటే కోడలు నన్ను పక్కకి జరిపి తను దిగింది. గొంతు పెంచలేదు. గోడ ఏ వేళప్పుడు తడుస్తోందండీ అని అడిగింది. తెల్లవారేసరికే అన్నాడు. మేం లేవకముందా, లేచాకా అంది. లేవకముందేనన్నాడు గొప్పగా, మాకంటే ముందు తను లేస్తాడని తెలియాలి కదా. పోయిన నెల మేం ఊళ్ళో లేనప్పుడు ఆరిందా అంది. ఎక్కడారింది, అలాగే ఉందన్నాడు. మరి మీ నీళ్ళ మోటారు ఎప్పుడు వేస్తారు అని అడిగేసరికి లోపల్నుంచి ఆయన భార్య, "ఇంక చాలు, లోపలికి రండి" అంది. మర్నాడు కుళాయిలు బాగుచేసేవాడు వచ్చి, పగిలింది వాళ్ళ గొట్టమేనని తేల్చాడు.

అదే నేను దిగి ఉంటే ఏడాది పొడుగునా తిట్టుకుంటూ ఉండేవాళ్ళం. ఈ పిల్ల నోట్లో నాలుక లేదనుకున్నాను ఇన్నాళ్ళూ. ఉంది, కాకపోతే అది సూది.

"ఇదెక్కడ నేర్చావే?" అని అడిగాను.

"నా పనే అది అత్తయ్యా" అంది.

కంప్యూటరుకి వరసగా రాసిపెట్టే ఆజ్ఞల్ని స్క్రిప్టు అంటారట. అది దారి తప్పితే, దాన్ని అడుగడుగునా ఆపి, ఇక్కడికెందుకొచ్చావు, నీ చేతిలో ఏముంది, ఇప్పుడెక్కడికి పోతావు అని అడిగే పరికరం ఒకటుందట. దాని పేరు డీబగ్గర్. అది తగిలించి కూర్చుంటే ఎంతటి తప్పైనా ఏదో ఒక మెట్టు మీద దొరుకుతుందని చెప్పింది. ఆ రోజుల్లో ఆమె దాన్ని నమ్మినంతగా నేను దేవుణ్ణి కూడా నమ్మలేదు.

మా వాడు లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. ఆమె ఆ లిఫ్టులకి బుర్ర రాసిచ్చే కంపెనీలో ఉద్యోగి. ఒక పెద్ద భవనంలో లిఫ్టు అంతస్తుకీ అంతస్తుకీ మధ్య ఆగిపోతుంటే, తప్పు రాతదని వీడు, కాదు బ్రేకుదని ఆమె, వారం రోజులు కీచులాడుకున్నారు. చివరికి చూస్తే ఎవరో ఊడ్చేవాళ్ళ చీపురుపుల్ల తలుపు సందులో ఇరుక్కుని ఉంది. ఇద్దరూ తప్పేనని తేలాక ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ నవ్వు ఖరీదు నాకు కోడలు.

నేను అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. ఆసుపత్రి చాకిరేవులో దుప్పట్లు ఉతికి వాణ్ణి పెంచినదాన్ని. కోడలంటే పనిమంతురాలు రావాలని ఉండదా? ఈమె స్టవ్ మీద పాలు పెట్టి తెర ముందు కూర్చుంటే, పాలకి ఆమె గుర్తుండాలి గానీ ఆమెకి పాలు గుర్తుండవు. గిన్నెలు ఎన్ని మాడాయో చెబితే పరువు పోతుంది. వాళ్ళ నాన్న గడియారాలు బాగుచేసేవాడు. తల్లి లేని పిల్ల దుకాణంలో బల్ల కింద పెరిగింది. అందుకేనేమో, ఇంట్లో ఏం చెడినా ముందు చెవి దగ్గర పెట్టుకుని వింటుంది. "చెడిపోయిందని తెలియడానికి వినాలా, తన్నితే సరిపోదా" అని నేనంటే, "తంతే మీరు కూడా పలుకుతారు అత్తయ్యా, నిజం చెప్పరు" అనేది. ఇలాంటి మాటలు అంటూ మళ్ళీ నా మోకాళ్ళకి మందు రాసేది. దాంతో కోపం తెచ్చుకుందామన్నా నిలిచేది కాదు.

వాళ్ళ కంపెనీ స్క్రిప్టుని ఇంకో కంపెనీవాళ్ళు డీబగ్గర్ తగిలించి మెట్టు మెట్టూ చదివి దొంగిలించారు. అప్పుడు మేనేజరు మా కోడల్ని పిలిచి, మన స్క్రిప్టుకి ఒక కాపలా పెట్టు, ఎవరైనా లోపలికి తొంగిచూస్తే కొత్త సంగతి చూపించకుండా పాత పద్ధతిలో నడిచేలా చెయ్యి అన్నాడు. ఈమె చేసింది. ఎలా చేశావని నేనడిగితే మా మెట్లే చూపించి చెప్పింది. పై మెట్టు నుంచి కింది మెట్టుకి దిగడానికి మనిషికి ఇంత సేపని ఉంటుంది కదా. వెనక నుంచి ఎవరైనా చొక్కా పట్టుకుని ఆపుతుంటే ఎక్కువ సేపు పడుతుంది. స్క్రిప్టు ఒక మెట్టు దగ్గర టైము చూసుకుంటుంది, తర్వాతి మెట్టు దగ్గర మళ్ళీ చూసుకుంటుంది. ఆలస్యమైందంటే వెనక చొక్కా పట్టుకున్నవాడున్నాడని దానికి తెలిసిపోతుంది. ఇక అక్కణ్ణుంచి అమాయకంగా నడుస్తుంది.

"అంటే అత్త ఇంట్లో ఉన్నప్పుడు కోడలు నడిచినట్టా?" అన్నాను.

"అచ్చం అంతే అత్తయ్యా" అని పడిపడి నవ్వింది. ఆ పని బాగా చేసినందుకు మేనేజరు నలుగురిలో మెచ్చుకున్నాడట. నాకు మిఠాయి తెచ్చింది.

ఆ కాపలా గోడ కట్టింది మా కోడలు. గోడ వెనక తర్వాత ఏం పెట్టారన్నది పైవాళ్ళ ఇష్టం. లిఫ్టు తలుపు మూసుకున్నాక తాళం పడుతుంది. తాళం పడ్డానని కబురు పంపిస్తుంది. ఆ కబురు అందాకే లిఫ్టు కదలాలి. అది పాత పద్ధతి. లిఫ్టులు నత్తనడక నడుస్తున్నాయని భవనాలవాళ్ళు గొడవ చేస్తుంటే, కంపెనీవాళ్ళు కబురు కోసం ఆగడం మానేసి, తలుపు మూసుకున్నట్టు అనిపిస్తే చాలు కదిలేలా రాసుకున్నారు. అదీ గోడ వెనక్కే పోయింది. ఎవరైనా పరీక్ష చేస్తే పాత పద్ధతి, ఎవరూ చూడకపోతే కొత్త పద్ధతి. ఈ సంగతి మా కోడలికి ఎవరూ చెప్పలేదు. అప్పటికి ఆమె వేరే పనిలో ఉంది, ఆ కాపలా రాసిన సంగతే మరిచిపోయింది.

ఒకరోజు మధ్యాహ్నం, పై అంతస్తులో బట్టలు కుట్టే ఆవిడ మూట ఎత్తుకుని లిఫ్టు దిగుతోంది. ఒక కాలు బయట, ఒక కాలు లోపల. లిఫ్టు కదిలింది. ఆవిడ బతికింది గానీ మోకాలి కింద కాలు లేదు. ఆ భవనం లిఫ్టులు చూసుకునేది మా వాడే.

వాణ్ణి పట్టుకుపోయారు. నేరం ఏమిటంటే, తాళం వదులైందని వాడికి ముందే తెలుసు. తెలుసని వాడే చెప్పాడు. కొత్త తాళం పంపమని అడిగాడు, అది రాలేదు. ఉన్నదాన్ని బిగించి లిఫ్టు నడవనిచ్చాడు. ఎందుకు నడవనిచ్చావంటే, తాళం ఎంత వదులైనా దాని కబురు అందకుండా లిఫ్టు కదలదు కదా సార్, మహా అయితే నిలిచిపోతుంది, మా పనిలో అందరూ ఆ ధైర్యంతోనే నడుపుతారు అన్నాడు. తనిఖీ ఆఫీసరు లిఫ్టుని నడిపే స్క్రిప్టున్న డబ్బా తీసుకుపోయి, పరికరం తగిలించి పరీక్ష చేయించాడు. కబురు అందకుండా లిఫ్టు ఒక్కసారి కూడా కదలలేదు. ఇంకేముంది, తప్పు తాళానిది, తాళం మా వాడి చేతిలోది.

నేను మొదటిసారి జైలుకి ములాఖత్‌కి వెళ్ళినప్పుడు జాలీకి అటువైపు నుంచి వాడు ఒకటే అడిగాడు. "అమ్మా, నువ్వేమనుకుంటున్నావు?"

"నా కొడుకు పని ఎగ్గొట్టేవాడు కాదు. నువ్వు చేసుండవు. ఎవరడిగినా తల ఎత్తి చెప్పు" అన్నాను. అంతే, ఆ మాట పట్టుకుని కూర్చున్నాడు.

కాలు పోయినావిణ్ణి చూడటానికి ఆసుపత్రికి కూడా వెళ్ళాను. ఒకప్పుడు నేను దుప్పట్లు ఉతికిన ఆసుపత్రే. నేనెవరినో చెప్పగానే ఆవిడ గోడవైపు తిరిగి పడుకుంది. తిట్టినా బాగుండేది.

ఇంట్లో కోడలు తిండి మానేసి తెర ముందు కూర్చుంది. ఆఫీసులోని అదే స్క్రిప్టుకి డీబగ్గర్ తగిలించి అడుగడుగునా ఆపి అడిగింది. ఇంటి యజమానిని అడిగినట్టే అడిగింది. తాళం కబురొచ్చిందా అంటే రాలేదంది, అయితే కదులుతావా అంటే కదలనంది. రోజుల తరబడి అదే ప్రశ్న, అదే జవాబు. "మరి నా కొడుకు అబద్ధమాడుతున్నాడా?" అని నేను కసిరితే మళ్ళీ మొదటి మెట్టు నుంచి మొదలుపెట్టింది. ఆ పూట నాకు ఆమె మీద అనుమానం కూడా వచ్చింది. కంపెనీ ఉప్పు తింటోంది, కంపెనీ మాటే మాట్లాడుతోందేమో అనుకున్నాను. నోటికొచ్చింది అన్నాను కూడా. ఆమె వినిపించుకోలేదు, చెవి దగ్గర పెట్టుకుని ఇంకేదో వింటున్నదానిలా కూర్చుంది.

మర్నాడు నేను బియ్యం ఏరుతుంటే వచ్చి నా ఎదురుగా నేల మీద కూలబడింది. స్క్రిప్టులో ఒకచోట రెండుసార్లు టైము చూసుకోవడం కనిపించిందట. ఎవరు రాశారో చూద్దామని దగ్గరికెళ్ళి చూస్తే, దారి తప్పిన పిల్లాణ్ణి తల్లి గుర్తుపట్టినట్టు, తన రాతని తను గుర్తుపట్టింది. ఇన్నాళ్ళూ ఈమె చొక్కా పట్టుకుని నడిపిస్తోంది కాబట్టి అది ఈమె ముందు కూడా అమాయకంగా నడిచింది. ఆ గోడ వెనక ఏముందో చదివితే, తాళం కబురు కోసం ఆగని దారి కనిపించిందట. తను పెట్టిన కాపలావాడు తన్నే మోసం చేశాడు.

"నేను చూస్తున్నాననే అది మంచిగా ఉంది అత్తయ్యా" అంది. ఏడవలేదు. చేటలో బియ్యం వేళ్ళతో అటూ ఇటూ జరుపుతూ కూర్చుంది. నేను ఏరిన రాళ్ళు మళ్ళీ బియ్యంలో కలిశాయి.

తిట్టడానికి నోరు తెరిచాను. నా నోరు నన్ను దగా చేసిన రోజు అదొక్కటే.

ఆ వారమే వెళ్ళి విచారణలో అంతా చెప్పేసింది. నా రాతే, నేనే పెట్టాను, దాని వెనక కంపెనీ ఇది దాచింది అంది. నేను వెనక బల్ల మీద కూర్చున్నాను. కంపెనీ ప్లీడరు మర్యాదస్తుడు, లేచి చేతులు కట్టుకుని మాట్లాడాడు. ఆమె ముద్దాయి భార్య అన్నాడు. కంపెనీ దగ్గరున్న అసలు రాతలో అలాంటి కాపలా ఏదీ లేదని శుభ్రంగా ఉన్న నకలు ఒకటి చూపించాడు. దాన్ని ఎప్పుడు శుభ్రం చేశారో ఆ దేవుడికే తెలియాలి. తనిఖీ ఆఫీసరు అందరి ముందూ డబ్బాకి పరికరం తగిలించాడు. తాళం వదులు చేసి పెట్టినా కబురొచ్చేదాకా అది లిఫ్టుని కదలమనలేదు. ఆగి ఉన్నానని చెప్పే చిన్న దీపం ఒకటి బుద్ధిమంతుడిలా వెలిగింది.

పరికరం తీసేసి చూడండి సార్ అంది మా కోడలు. తీసేస్తే లోపల ఏం జరుగుతోందో నాకు కనబడదు, కనబడనిది నేను రాయలేను, పరికరం తగిలించి చూసిందే పరీక్ష అని మా రూలు అన్నాడు ఆఫీసరు. చెడ్డవాడేమీ కాదు, రూలు అలా ఉంది. పోనీ నా కాపలా ఒక్కటి తీసేసి నడపనివ్వండి, అప్పుడు పరికరం ఉన్నా నిజం బయటపడుతుంది అంది. ప్లీడరు లేచాడు. "అప్పుడది మా స్క్రిప్టు కాదు మేడమ్, మీ స్క్రిప్టు. మీరు మార్చినదాంట్లో తప్పు దొరికితే మీదే కదా" అన్నాడు.

తీస్తే ఈమె మార్చినట్టు, తీయకపోతే ఏమీ లేనట్టు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

నాకు ఉండబట్టలేదు, లేచాను. "నాయనా, నేను వంటింట్లో నిలబడి ఉంటే ఈ పిల్ల గిన్నెలు చప్పుడు కాకుండా తోముతుంది. నేను బయటికి పోయినప్పుడు ఎలా తోముతుందో వంటింట్లో నిలబడి తెలుసుకోమంటే ఎలా?" అన్నాను. గది అంతా నవ్వింది. ఆఫీసరు కూడా నవ్వాడు. నా కోడలు కూడా కొంచెం నవ్వింది, చాలా రోజులకి. నవ్వి ఊరుకున్నారు. నవ్వించిన మాటని ఎవరూ కాగితం మీద పెట్టరు.

ఆమె ఉద్యోగం ఆ సాయంత్రమే పోయింది. కంపెనీ రహస్యం బయటపెట్టినందుకు ఆమె మీద కూడా కేసు వేస్తామన్నారు. రహస్యమే లేదన్నవాళ్ళు ఏ రహస్యం బయటపెట్టిందంటారో నా రెండో తరగతి చదువుకి అందలేదు. మా ప్లీడరుని అడిగితే ఆయన చదువుకి కూడా అందలేదు.

అప్పట్నుంచి ఆమె లిఫ్టు ఎక్కదు. అది సరే. ఎక్కబోయేవాళ్ళని కూడా ఆపడం మొదలుపెట్టింది. పెద్ద పెద్ద భవనాల ముందు నిలబడి, దయచేసి మెట్లెక్కండి, తలుపు పూర్తిగా తెరిచాకే దిగండి, గడప మీద నిలబడకండి అని వచ్చేపోయేవాళ్ళకి చెప్పేది. కాపలావాళ్ళు మొదట మర్యాదగా, తర్వాత రెక్క పట్టుకుని బయటికి పంపారు. ఒకచోట నేను కూడా ఉన్నాను. చంకలో పసిపిల్లతో ఉన్న ఒకావిడ ఈమెని ఎగాదిగా చూసి, పాపం ఎవరమ్మాయో అని నాతో అని, లిఫ్టు ఎక్కి వెళ్ళిపోయింది. తలుపు మూసుకుంది. మేమిద్దరం పై దీపం వంక చూస్తూ నిలబడ్డాం, అది చివరి అంతస్తు దాకా వెళ్ళి ఆగేదాకా. ఏమీ కాలేదు. ఎక్కువసార్లు ఏమీ కాదు. అదే దాని బలం.

లిఫ్టులన్నిటికీ కొత్త స్క్రిప్టు పంపామని కంపెనీవాళ్ళు ప్రకటించారు. మంచిదేనేమో. లోపల ఏముందో తెలుసుకోవాలంటే మళ్ళీ పరికరమే తగిలించాలి.

ఈ మధ్య మా ప్లీడరు కబురు తెచ్చాడు. తాళం వదులని తెలిసీ నిర్లక్ష్యంగా నడిపానని మా వాడు ఒప్పుకుంటే చిన్న శిక్షతో పోతుందట, లైసెన్సు మాత్రం రద్దవుతుంది, ఇక లిఫ్టు ముట్టుకోకూడదు. కోడలి మీద కేసు కూడా వెనక్కి తీసుకుంటారు. ఒప్పుకోకుండా పోరాడితే పెద్ద సెక్షను పెడతారు, అది ఏళ్ళ మాట. గెలిచే దారి ఉందా అని అడిగాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. డబ్బు పుచ్చుకున్న ప్లీడరు కూడా ఉందని చెప్పలేదంటే లేదనే.

మా వాడు ఒప్పుకోలేదు. చేయని తప్పు చేశానని చెప్పి బయటికొచ్చి ఎవరి మొహం చూడాలి అన్నాడట. ఆ పొగరు ఎక్కణ్ణుంచి వచ్చిందో నన్నెవరూ అడగనక్కర్లేదు. కోడలు వెళ్ళి బతిమాలింది. ఆమె మాట పూర్తి కాకుండానే వాడు లేచి లోపలికి వెళ్ళిపోయాడు. నీ మీద కేసు పోతుందనా, అని అడిగి మరీ వెళ్ళాడట. వాడు ఆ మాట అని ఉండకూడదు. గదిలో పెట్టి కొడితే పిల్లి కూడా తిరగబడుతుంది, వాణ్ణేమనను.

నిన్న మధ్యాహ్నం పెరట్లో ఆరిన బట్టలు తీసి మడతపెడుతున్నాం. దుప్పటి మడతపెట్టడం ఆమెకి నేనే నేర్పాను, అంచుకి అంచు కలిపి, మధ్యలో గాలి లేకుండా. అటు చివర ఆమె, ఇటు చివర నేను. వాడి చొక్కాలు కూడా ఉతికింది, ఎవరు తొడుక్కుంటారని ఉతికిందో. దుప్పటి రెండో మడత దగ్గర ఆగిపోయింది.

"రేపు ములాఖత్‌కి మీరొక్కరే వెళ్ళండి అత్తయ్యా. ఒప్పుకోమని చెప్పండి."

"నీ మాట వినలేదు, నా మాట వింటాడా? నేను ఒప్పుకోమంటే, నీకు మతిపోయిందా అమ్మా అంటాడు" అన్నాను.

"ఒప్పుకోమని బతిమాలితే వినరు. ఆయన ఎందుకు పట్టుబట్టారో నాకు తెలుసు. మీరు నమ్ముతున్నారని. లోకమంతా ఒకవైపున్నా మీరు ఇటువైపున్నారని."

నేను దుప్పటి చివర పట్టుకుని నిలబడ్డాను. ఎండ మొహాన కొడుతోంది. అయితే ఏం చెయ్యమంటావే అన్నాను.

ఆమె నా దగ్గరికి వచ్చి, తన చేతిలోని అంచు నా చేతిలోని అంచుకి కలిపింది. గొంతు పెంచలేదు.

"నమ్మడం లేదని చెప్పండి. నువ్వే చేశావనుకుంటున్నానని, ఆయన కళ్ళలోకి చూసి చెప్పండి. మీరు చెబితే నిజమనుకుంటారు" అంది.